పల్చని గీత

వికారాబాద్ నుంచి తాండూరు దాకా పోతుంటే వాగు ఒడ్డున, చెరువు కట్టల వెంబడి, చేను గట్ల మీద ఈత చెట్లు కనబడుతూనే ఉంటాయి. బస్సులోంచి చూస్తే అన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి. దగ్గరికి పోయి మానును చూడాలి. మోకాలెత్తున ఎడమకు ఒక గాటు, దానికి పైన కొంత దూరంలో కుడికి ఒక గాటు, మళ్లీ ఎడమకు, మళ్లీ కుడికి. ఒక్కో గాటు ఒక్కో గీత కాలం. ఒక ఏడు ఒక పక్కన గీస్తే, తర్వాతి సారి ఎదుటి పక్కన గీస్తారు. అటు వంగిన మాను ఇటు సర్దుకుంటుంది. అందుకే గీసిన ఈత చెట్టు ఎన్నడూ నిటారుగా ఉండదు. గీత తెలిసినవాళ్లు ఆ గాట్లను చూసి చెట్టు ఎన్నేళ్లు కల్లిచ్చిందో చెప్పగలరు. ఏ ఏడు కత్తి నెమ్మదిగా నడిచిందో, ఏ ఏడు ఆశపడి లోతుకు పోయిందో కూడా చెప్పగలరు.

ఈ గాట్లు పూడవు. వేపకో మామిడికో బెరడు కింద కొత్త కలపను పుట్టించే పొర ఒకటుంటుంది. గాయమైతే ఆ పొర ఏటికింత పెరిగి, కొన్నేళ్లకు గాయాన్ని కప్పేస్తుంది. ఈతకు, తాటికి ఆ పొర లేదు. గడ్డి, వరి, జొన్న పుట్టిన వంశంలోనే ఇవీ పుట్టాయి. రసం పారే నాళాలు మాను లోపల అంతటా చెదురుగా ఉంటాయి. ఒకసారి కోసింది ఎప్పటికీ కోసినట్టే ఉండిపోతుంది. దానికి తోడు చెట్టు మొత్తానికి పెరిగే మొవ్వు ఒక్కటే. ఆ మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. పక్క నుంచి కొమ్మ వేసి బతికే వీలు లేదు. ఈత కల్లు గీసే చోటు సరిగ్గా ఆ మొవ్వుకు కింద, మాను ఇంకా మెత్తగా, తెల్లగా ఉండే భాగంలో. చెట్టు ప్రాణం ఉన్న చోటికి జానెడు దూరంలో, మళ్లీ పూడని గాయాన్ని, రోజూ కొత్తగా తెరుస్తూ, నెలల తరబడి రసం తీసి, చివరికి చెట్టును బతికించి వదలాలి. కల్లు గీత అంటే ఇదీ. కల్లు రుచిని గురించి, కల్లు తాగినవాళ్ల ముచ్చట్లను గురించి మనకు కావలసినన్ని మాటలున్నాయి. ఆ కత్తి పట్టిన చేతిని గురించి చెప్పుకున్నది తక్కువ. నాకు ఆ చేయి మీదే గౌరవం.

గింజతో చేసే పానీయం పక్కన పెట్టి చూస్తే ఆ చేతి పని ఇంకా బాగా తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఇప్పుడు బార్లీ గింజల నుంచి అక్కడికక్కడే బీరు తయారు చేసి పోసే చోట్లు చాలా వచ్చాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకు నియమాలు చేసింది. విదేశాల్లో ఉన్న మన పిల్లల్లో కొందరు ఇంట్లోనే బీరు కాచుకుంటున్నారు. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం అందుకు దారి తెరిచింది. మన దగ్గర లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం ఆబ్కారీ చట్టం ఒప్పుకోదు. అక్కడ కాచుకునేవాళ్లు చాలామంది మొదట డబ్బాలో దొరికే మాల్ట్ పాకంతో మొదలుపెడతారు. కొన్నాళ్లకు గింజ నుంచే చేయాలన్న కోరిక పుడుతుంది. అలా మొదటిసారి గింజతో చేసినవాళ్లు ఆ రోజును గురించి చెప్పేటప్పుడు గొంతులో వచ్చే ఉత్సాహం నిజమైనది, దాన్ని తక్కువ చేయకూడదు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని బరకగా ఆడించి, 65 నుంచి 68 డిగ్రీల వేడి ఉన్న నీళ్లలో గంటసేపు ఉంచాలి. గింజలోని పిండి చక్కెరగా మారేది ఆ గంటలోనే. ఆ పని ముఖ్యంగా రెండు ఎంజైములు చేస్తాయి. ఒకదానికి కొంచెం తక్కువ వేడి పడుతుంది, రెండోదానికి కొంచెం ఎక్కువ పడుతుంది. వేడి రెండు మూడు డిగ్రీలు దిగితే బీరు పల్చగా, పొడిగా వస్తుంది. ఎక్కితే ఒళ్లు నిండుగా, తీపి మిగిలి వస్తుంది. పిండి అంతా మారిందో లేదో తెలియాలంటే ఒక బొట్టు అయోడిన్ వేసి చూస్తారు. నల్లబడితే ఇంకా మిగిలుందన్నమాట. ఆపైన వడకట్టి, హాప్ పువ్వులు వేసి మరిగించి, గబగబా చల్లార్చి, ఈస్టు కలిపి, వారం రెండు వారాలు ఆగాలి.

గింజ మన దగ్గరా ఉంది. తాండూరు నల్లరేగడిలో కందితో పాటు జొన్న కూడా పాత పంటే. ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చి పేరు దేశమంతా తెలిసింది. జొన్నకు అంత పేరు లేదు. ఆఫ్రికాలో మాత్రం ఇదే జొన్నను మొలకెత్తించి బీరు కాస్తారు. బుర్కినా ఫాసోలో దాన్ని డోలో అంటారు. దక్షిణాఫ్రికాలో మక్కలతో కలిపి చేసేదాన్ని ఉమ్‌కొంబోతి అంటారు. జొన్న పిండి బార్లీ పిండి కన్నా ఎక్కువ వేడికి గాని జిగురుగా ఉడకదు. పిండిని విడగొట్టే ఎంజైముల్లో ఒకటి జొన్న మొలకలో తక్కువ. అందుకని వాళ్ల పద్ధతి బార్లీ పద్ధతికి వేరుగా ఉంటుంది. మన దిక్కు జొన్న రొట్టెకు, గటకకు, అంబలికి పోయింది. రాత్రి పులియబెట్టిన అంబలిలో పులుపు ఉంటుంది గాని మత్తు వెతికేవాళ్లు దాని దగ్గరికి పోలేదు. ఇక్కడి పానీయం గింజలోంచి రాలేదు, చెట్టులోంచి వచ్చింది. గింజలో చక్కెరను మనిషి పుట్టించాలి. ఈత చెట్టులో చక్కెర సిద్ధంగా ఉంది, ఆకుల్లో తయారై నాళాల్లో పారుతోంది. ఉడకబెట్టేది లేదు, కలిపేది లేదు, వడకట్టేది కూడా పెద్దగా లేదు. పనితనమంతా ఆ పారే రసాన్ని బయటికి రప్పించే కోతలోకి చేరింది.

కోతకు ముందు చాలా పని ఉంది. ఈత చెట్టు మొదటిసారి గీతకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆలోగా గీస్తే చెట్టు మరుగుజ్జుగా మిగిలిపోతుంది. గీతకు వచ్చిన చెట్టుకు మొదట ఒక పక్కన కమ్మలు కోసేయాలి. ఈత కమ్మ అడుగున ఉండే ముళ్లు మామూలు ముళ్లు కావు. ఆకులే ముళ్లుగా మారి, సూటిగా, బిరుసుగా, వేలెడు పొడుగున ఉంటాయి. అవి గుచ్చుకొని చీము పట్టిన చేతులు, కంటి పక్కన మచ్చలు ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. కమ్మలు పోయాక మట్టలు, మట్టల కింద మానుకు చుట్టుకొని ఉండే పీచు తీసేయాలి. లోపల తెల్లటి మెత్తటి భాగం బయటపడుతుంది. ఇక్కడ తొందరపడితే పని చెడుతుంది. ఆ భాగాన్ని, అంటే గీత ముఖాన్ని, అలాగే కొన్ని రోజులు గాలికి, ఎండకు వదిలేయాలి. పైన సన్నటి పొర ఆరి గట్టిపడుతుంది. ఆ తర్వాతే అసలు గీత. ఎదుటి పక్కన కమ్మలను ముట్టుకోరు. చెట్టుకు తిండి వండిపెట్టేవి అవే. ఎన్ని కమ్మలు తీయాలి, ఎన్ని ఉంచాలి అన్న నిర్ణయం మీదే ఆ కాలమంతా వచ్చే కల్లు ఆధారపడి ఉంటుంది. ఎక్కువ కమ్మలు కొట్టేస్తే గీయడానికి చోటు దొరుకుతుంది, రసంలో తీపి పోతుంది.

ఇక కత్తి. గీత కత్తి అలుగు వెడల్పుగా ఉంటుంది, అంచు కొంచెం వంపు తిరిగి ఉంటుంది. కమ్మలు నరికే కత్తి వేరు, గీసే కత్తి వేరు. గీసే కత్తిని ఇంకే పనికీ వాడనివ్వరు. ఇంట్లో ఆడవాళ్లు కూరగాయలకు తీసుకున్నా గొడవే. నూరడానికి ఒక చెక్క ఉంటుంది. తెల్ల పలుగురాయిని మెత్తగా దంచి, ఆ పొడిని చెక్క మీద చల్లి, కత్తిని అటూ ఇటూ లాగుతారు. రాయి మీద నూరితే అంచు త్వరగా వస్తుంది గాని గరుకుగా ఉంటుంది. చెక్క మీద, పొడి మీద నూరిన అంచు నున్నగా ఉంటుంది. ఆ నునుపు ఎందుకంటే, గరుకు అంచు నాళాలను కోయదు, నలిపి చింపుతుంది. నలిగిన నాళం మూసుకుపోతుంది. నున్నగా తెగిన నాళం పారుతుంది. నూరిన తర్వాత ముంజేతి మీద వెంట్రుకలను ఒక్కసారి గీకి చూసుకుంటారు. తెగితే నడుముకు కట్టుకున్న ముస్తాదులోకి కత్తి పోతుంది. లేకపోతే మళ్లీ చెక్క మీదికే.

పొద్దు వాలుతుండగా గీసే కోతను దగ్గర నుంచి చూడాలి. కల్లు గీసే గౌడన్న చెట్టు మీద కుదురుకున్నాక ముందు లొట్టిని, అంటే రసం పట్టే మట్టికుండను, తీసి పక్కకు తగిలిస్తాడు. గీత ముఖం మీద ఎండిన జిగురును, చీమలను తుడుస్తాడు. ఆ తర్వాత కొంతసేపు కత్తి ఆడదు. ముఖాన్ని చూస్తాడు. ఎక్కడ రంగు మారింది, ఎక్కడ ఎరుపు తిరిగింది, నిన్నటి కోత ఎక్కడ ఎక్కువ తక్కువైంది అన్నది చూసుకుంటాడు. అప్పుడు కత్తిని పైనుంచి కిందికి ఒకే ఊపున లాగుతాడు. ఉల్లిపొరంత పల్చటి చెక్కు ఒకటి చుట్టుకుంటూ కిందికి రాలుతుంది. దాన్ని వెలుతురుకు పట్టుకుంటే అవతలి వేలు కనబడుతుంది. చెక్కు అంతటా ఒక్క మందమే ఉంటుంది. అంచు దగ్గర పల్చనై మధ్యలో లావయ్యే చెక్కు నేర్చుకునేవాళ్లది. కోసిన చోట మొదట తడి మెరుస్తుంది, ఆ తడి చిన్న చిన్న బొట్లుగా పొంగుతుంది, బొట్లన్నీ కిందికి జారి కొస దగ్గర కలుస్తాయి. ముఖాన్ని కొస తేలేటట్టు చెక్కింది అందుకే. అక్కడ గుచ్చిన కమ్మ ఈనె మీదుగా రసం లొట్టిలోకి దిగుతుంది. మొదటి బొట్టు లొట్టిలో పడే దాకా గౌడన్న దిగడు.

పల్చదనం అందం కోసం కాదు. చెట్టు తన గాయాన్ని తాను మూసుకునే ప్రయత్నం చేస్తుంది. రసం పారే సన్నటి గొట్టాల్లో జల్లెడలాంటి అడ్డుపలకలు ఉంటాయి. తెగిన కాసేపటికి ఆ జల్లెడ రంధ్రాలు పూడుకోవడం మొదలవుతుంది. రాత్రి గడిచేసరికి ధార తగ్గేది అందుకే. ఆ పూడిన పైభాగాన్ని మాత్రమే తీసేస్తే కింద గొట్టాలు మళ్లీ తెరుచుకుంటాయి. మూసుకుపోయింది పలచటి పొరే కాబట్టి తీయవలసింది కూడా అంతే. అంతకన్నా పల్చగా తీస్తే రసం రాదు, ఎక్కువ తీస్తే వచ్చే రసం పెరగదు. ఈ రెండో మాట కొత్తవాళ్లకు త్వరగా ఎక్కదు. లోతుగా కోస్తే ఎక్కువ కల్లు వస్తుందనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. ఒక్కో కోత అర మిల్లీమీటరు ఎక్కువైందనుకుందాం. అరవై కోతలకు మూడు సెంటీమీటర్లు అనవసరంగా లోపలికి పోయినట్టు. ఈత మాను గుండె దగ్గర మూడు సెంటీమీటర్లంటే ఒక కాలం కల్లు, ఒక్కోసారి చెట్టు ప్రాణం కూడా. వానాకాలంలో ఆ లోతు గాట్లో నీళ్లు నిలుస్తాయి, పురుగు చేరుతుంది, గాలివానకు చెట్టు సరిగ్గా ఆ గాటు దగ్గరే విరుగుతుంది. గౌడన్నకు ఒక్కో చెట్టులో ఆ ఏడాదికి ఎంత లోతు ఖర్చు పెట్టవచ్చో ముందే తెలుసు. దాన్ని రోజుకింతని పంచుకుంటూ పోతాడు. కొలిచే పనిముట్టు లేదు, రాసిపెట్టే పుస్తకం లేదు. చెయ్యే కొలత.

కోతకు కోతకు మధ్య విశ్రాంతి కూడా పనిలో భాగమే. బెంగాల్‌లో ఇదే ఈత చెట్టు రసంతో చలికాలం బెల్లం వండుతారు. అక్కడ కొన్ని రాత్రులు గీసి, కొన్ని రోజులు చెట్టును వదిలేస్తారు. విశ్రాంతి తర్వాత మొదటి రాత్రి వచ్చే రసాన్ని జిరాన్ అంటారు, మేలైన బెల్లం దానితోనే. ఆ తర్వాతి రాత్రుల రసం వరసగా పల్చబడుతుంది. మన దగ్గర బెల్లం కోసం కాదు గీసేది, కల్లు కోసం. చెట్టును వదిలిపెట్టే పద్ధతి ఒక్కో ఊళ్లో ఒక్కో తీరు. చెట్టును అలసిపోనీయకూడదన్న తెలివి మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

లొట్టిలో పడ్డ రసం చెట్టు మీదే మారడం మొదలవుతుంది. అప్పుడే కారిన ఈత రసంలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. పులుపు ఉండదు. ఆ తీపి మీద వాలడానికి గాలిలోంచి, కమ్మల మీంచి, లొట్టి గోడల్లోంచి సూక్ష్మజీవులు వస్తాయి. బీరు కాసేవాళ్లకు తెలిసిన ఈస్టు, సాక్రోమైసిస్, అందులో ఒకటి. పాలు పెరుగు చేసే బాక్టీరియా చుట్టాలు ఇంకొన్ని. జైమోమోనాస్ అనే బాక్టీరియా మరొకటి. ఇది ఈస్టులాగే చక్కెరను ఆల్కహాల్ చేస్తుంది. పౌల్ లిండ్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1920లలో మెక్సికోలో కిత్తనార జాతి మొక్క రసంతో చేసే పుల్కే అనే పానీయంలో దీన్ని గుర్తించాడు. అక్కడా ఇక్కడా మొక్కను గీసి రసం తీసే పద్ధతే కాబట్టి చేరే జీవులూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. తెల్లారేసరికి లొట్టిలో నురుగు కడుతుంది. పొద్దెక్కేకొద్దీ తీపి తగ్గి ఘాటు పెరుగుతుంది, మధ్యాహ్నానికి పులుపు తలెత్తుతుంది, మరునాటికి సిర్కా వాసన వస్తుంది. బార్లీ బీరుకు రెండు వారాలు పట్టే ప్రయాణం ఇక్కడ ఒక పగలు ఒక రాత్రిలో ముగుస్తుంది.

1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒక్క ఈస్టు కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచాడు. అప్పటి నుంచి బీరు చేసేవాళ్లు తమకు కావలసిన ఒక్క జీవిని లోపలికి రానిచ్చి మిగతా అన్నిటినీ బయట ఉంచడం నేర్చుకున్నారు. పాత్రలన్నీ మందు నీళ్లతో కడగడం, రసాన్ని మరిగించడం, మూత బిగించడం అందుకే. గౌడన్న పద్ధతి వేరు. అందరినీ బయట ఉంచలేడు, చెట్టు మీద అది కుదిరే పని కాదు. ఎవరికి చోటివ్వాలో లొట్టి కడగడంలో నిర్ణయిస్తాడు. లొట్టిని నీళ్లతో కడిగి, అడుగున మడ్డి లేకుండా గీకి, ఎండలో బోర్లించి, కొన్ని చోట్ల పొగ పట్టిస్తారు. మట్టి గోడల రంధ్రాల్లో నిన్నటి కల్లు జీవం కొంచెం మిగులుతుంది. అదే నేటి కల్లుకు తోడు. సరిగ్గా కడగని లొట్టిలో సిర్కా చేసే బాక్టీరియా ముందే తయారుగా ఉంటుంది, కల్లు తెల్లారకముందే పులిసిపోతుంది. పులిసిన కల్లు వస్తే చెట్టును తిట్టరు, లొట్టిని వాసన చూస్తారు. లోపల సున్నం పూస్తే ఈ జీవులకు కాలూనడానికి చోటు ఉండదు. రసం పులియకుండా నిలుస్తుంది, అదే నీరా. చెట్టు ఒక్కటే, కోత ఒక్కటే, కత్తి ఒక్కటే. లొట్టి లోపల ఏముందన్నదే తేడా.

లొట్టి మూతి దగ్గర కమ్మలు, పీచు కప్పడాన్ని చాలామంది ఈగలూ తేనెటీగలూ రాకుండా చేసిన ఏర్పాటనుకుంటారు. అంతకన్నా పెద్ద సంగతి ఉంది. బంగ్లాదేశ్‌లో రాత్రిపూట గబ్బిలాలు ఈత చెట్ల గీత ముఖాన్ని నాకడం వల్ల, కాగబెట్టకుండా తాగిన పచ్చి రసం ద్వారా నిపా వైరస్ మనుషులకు సోకింది. గీత ముఖానికీ కుండకూ వెదురు తడికలు కడితే గబ్బిలాలు దగ్గరికి రాలేవని అక్కడ పరిశోధనల్లో తేలింది. కప్పడం విషయంలో పట్టింపుగా ఉండే గౌడన్నను చాదస్తం మనిషి అనుకోకూడదు.

చలి ఈ పనికి మేలు చేస్తుంది. అనంతగిరి గుట్టల చుట్టుపక్కల, మూసీ పుట్టిన ఆ ఎత్తు మీద, చలికాలం రాత్రులు హైదరాబాద్ కన్నా చల్లగా ఉంటాయి. చలికి రసం తీయగా దిగుతుంది, లొట్టిలో పులియడం నెమ్మదిస్తుంది. తెల్లారగట్ల దించిన కల్లు అందుకే అంత కమ్మగా ఉంటుంది. కాగ్నా నది దిక్కున, తాండూరు నాపరాతి నేల ఎండాకాలం సెగలు కక్కుతున్నప్పుడు అదే కల్లుకు గంటల్లోనే ఆయుష్షు తీరుతుంది. కల్లు పోసే మండువాలో కూర్చున్నవాళ్లు పొద్దటిది కావాలనో పొద్దుమూకిది కావాలనో అడిగి తెప్పించుకోవడం వెనక ఇంత లెక్క ఉంది.

ఈతకు పక్కనే తాటిని చెప్పకపోతే గీత మాట పూర్తి కాదు. తాటికి మానును గీయరు, గెలను గీస్తారు. పోతుతాడు గెలలను చెక్క పట్టుకర్రల మధ్య ఒత్తి, పండుతాడు గెలలను తట్టి, రోజుల తరబడి మెత్తబరిచి, కట్టగట్టి, కొసను పల్చగా కోస్తూ వస్తారు. మానుకు గాటు పడదు, చెట్టు నిటారుగానే ఉంటుంది. కష్టమంతా ఎత్తులో. మోకును చెట్టు చుట్టూ తిప్పి నడుము వెనక్కి తెచ్చి, కాళ్లకు గుజి తొడుక్కొని ఎక్కుతారు. వెనక్కి వాలి బరువంతా మోకు మీద వేయాలి, అరికాళ్లు మానుకు తన్నిపెట్టాలి. ఒక్క క్షణం మానుకు హత్తుకుంటే మోకు వదులవుతుంది; ఆ క్షణంలోనే దాన్ని మూరెడు పైకి ఎగరేసి మళ్లీ వాలిపోవాలి. హత్తుకోవడానికీ వాలడానికీ మధ్య మనిషిని చెట్టుకు పట్టి ఉంచేది కాళ్ల బలం తప్ప ఏమీ లేదు. వాన పడ్డ తెల్లారి నాచు పట్టిన మాను మీద ఇదే పని చేయాలి. గీతవాళ్ల దేవుడు కాటమయ్యకు దండం పెట్టుకొని చెట్టెక్కడం ఊరికే వచ్చిన అలవాటు కాదు. పడి చనిపోయినవాళ్లు, నడుము విరిగి మంచాన పడ్డవాళ్లు లేని గీత ఊరు దొరకడం కష్టం. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాళ్లు, పట్టీలున్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎన్నో ఏళ్ల ముందే రావలసింది. కిట్టు తొడుక్కొని ఎక్కడానికి కొత్త అలవాటు కావాలి, రోజుకు పదుల చెట్లు ఎక్కిదిగేవాళ్లకు అది సమయం తినే పని. శిక్షణకు, ఓపికకు డబ్బు ఖర్చు పెట్టాలి. కిట్టు చేతికిచ్చి వదిలేస్తే అది గోడకు తగిలించి ఉంటుంది.

నిజాం కాలంలో ఈత కల్లును సేంధీ అని, తాటి కల్లును తాడీ అని ఆబ్కారీ లెక్కల్లో రాసేవాళ్లు. రాజ్యానికి వచ్చే రాబడుల్లో ఆబ్కారీ పెద్దది. చెట్లు ఊళ్లో ఉన్నా, వాటి మీద హక్కు వేలంలో పాడుకున్న కంట్రాక్టరుది. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు పడ్డాక వికారాబాద్, తాండూరు పట్టాల మీది ఊళ్లయ్యాయి, బండలూ ధాన్యమూ దూరాలకు పోయాయి. కల్లు మాత్రం పోలేకపోయింది. ఒక్క రోజుకు మించి ఆగని సరుకు అది. ఊరి కల్లు ఊళ్లోనే తాగాలి. గీసేవాళ్లే సంఘాలు కట్టి లైసెన్సు తీసుకొని గీయడం, విడిగా గీసే కార్మికుడికి చెట్టు మీద లైసెన్సు ఇవ్వడం చాలా కొట్లాటల తర్వాత వచ్చిన ఏర్పాట్లు.

ఆగని సరుకును ఆగేటట్టు చేయాలని చూసిన చోటే అన్యాయం మొదలైంది. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. దూరం డిపోల నుంచి వ్యాన్లలో వచ్చే తెల్లటి ద్రవంలో చెట్టు రసం ఎంతో చెప్పలేం. శాకరిన్ తీపి, క్లోరల్ హైడ్రేట్, డైజెపాం, ఆల్ప్రజోలం మత్తు. వాటికి అలవాటైన మనిషి ఒక రోజు తాగకపోతే వణికిపోతాడు, మతి తప్పుతాడు. 2021 జనవరిలో వికారాబాద్ జిల్లాలోనే కల్తీ కల్లు తాగి వంద మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. ఆ వార్త వచ్చిన రోజుల్లో అన్ని రకాల కల్లునూ ఒక్క గాటన కట్టి తిట్టినవాళ్లున్నారు. ముళ్లలో చేయి పెట్టి, ఉల్లిపొర మందాన కోసి, లొట్టి కడిగి, తెల్లారగట్ల దించినవాడికీ, గోదాములో పొడి కలిపినవాడికీ ఒక్కటే పేరు పెట్టడం నాకు బాధ కలిగిస్తుంది. కల్తీని పట్టుకోవడం ఆబ్కారీ శాఖ పని. తేడా తెలిసి అడిగి తాగడం తాగేవాళ్ల పని. చెట్టు కింద, దించిన గంటలోపు, కల్లు దించిన మనిషి చేతి మీదుగా తాగిన కల్లులో మాత్రలు ఉండవలసిన అవసరమే లేదు.

ఆ చెట్లు మిగలాలంటే నేల మిగలాలి. హైదరాబాద్ నుంచి ఈ దిక్కుకు ప్లాట్ల బోర్డులు వచ్చేశాయి. చేను అమ్ముడుపోయి గట్లు చదునైతే మొదట కూలేవి గట్టు మీది ఈతలే. నాటితే ఈత బతకడం కష్టం కాదు, నీళ్లు తక్కువైనా నిలుస్తుంది. చెరువు కట్టల మీద, కాలువల పక్కన వరసలుగా నాటించిన మొక్కలు కొన్ని చోట్ల మనిషెత్తు దాటాయి. ఇంకా కత్తి పెట్టే వయసు రాలేదు వాటికి. వచ్చేనాటికి ఆ మందం తెలిసిన చేతులు ఎన్ని ఉంటాయన్నదే నా దిగులు. ఈ పని పుస్తకంలో నేర్చుకునేది కాదు. తండ్రి గీసిన ముఖం మీద కొడుకు రెండు మూడు చెక్కులు గీస్తాడు, మందం ఎక్కువైతే తండ్రి కత్తి లాక్కుంటాడు. ఏళ్లు గడిస్తే లాక్కోవడం మానేస్తాడు. అప్పుడే వాడికి వేరే చెట్టు ఇస్తారు, అదీ ముసలి చెట్టు, చెడిపోయినా పెద్ద నష్టం లేనిది.

చెట్లు దిగాక ఇంకొక పని ఉంటుంది. దాన్ని ఎవరూ పనితనం కింద లెక్కపెట్టరు. లొట్లలోని కల్లును పెద్ద బింకి కుండలోకి ఒంపేటప్పుడు గౌడన్న ఒక్కోదాన్ని వాసన చూస్తాడు, ఒక గుక్క నోట్లో తిప్పి ఉమ్మేస్తాడు. వాగు ఒడ్డు చెట్టు కల్లు పల్చగా, నీళ్లుగా ఉంటుంది. గట్టు మీద ఎండిన నేలలో ఉన్న చెట్టు తక్కువిస్తుంది, తీయగా ఇస్తుంది. ముసలి చెట్టు కల్లులో కొంచెం వగరు ఉంటుంది. ముందుగా గీసిన చెట్టు ఇంతలోనే ఘాటెక్కి ఉంటుంది, చివరగా గీసింది ఇంకా పాలరంగు తీపిలో ఉంటుంది. ఏది ముందు ఒంపాలి, ఏది ఎంత ఒంపాలి, ఏ లొట్టిని పక్కన పెట్టాలి అన్నది అప్పటికప్పుడు తేలుస్తాడు. ఒకే చెట్టు కల్లు కావాలని అడిగే పాత వాడుకదార్లకు ఆ చెట్టు లొట్టి విడిగా ఉంచుతాడు. పులుపు తిరిగిన లొట్టిని బింకి దగ్గరికే రానివ్వడు. ఒక్క లొట్టి పులుపు మొత్తాన్ని లాగేస్తుందని తెలుసు. బింకి నిండాక పైన నురుగును చేత్తో తీసి పక్కకు విదిలించి, పీచు ముద్దను మూతికి పెట్టి కావడికి ఎత్తుతాడు. మండువాలో కూర్చున్నవాళ్లకు అందేది ఆ కలిపిన కల్లు. బాగుందంటారు, ఇంకో సీసా పొయ్యమంటారు.